చికిత్స మధ్యలో పాలసీ రద్దు: ఒక ఆరోగ్య బీమా కంపెనీకి హనుమకొండ నుంచి బహిరంగ లేఖ

మా పాలసీ రద్దు చేసిన కంపెనీ క్లెయిమ్స్ విభాగం అధికారులకు,

నమస్కారం.

నేను హనుమకొండలో కోర్టు దగ్గర చిన్న డీటీపీ, జిరాక్స్ సెంటర్ నడుపుతాను. నా భార్య ఒక ప్రైవేటు స్కూల్లో టీచర్. విషయం బీమా ఫిర్యాదులు విని తీర్పు చెప్పే అంబుడ్స్‌మన్ దాకా వెళ్లింది కాబట్టి మీ కంపెనీ పేరు ఇక్కడ రాయడం లేదు, చదివితే మీ గురించేనని మీకే తెలుస్తుంది. మెయిళ్లు పెట్టాను, కస్టమర్ కేర్‌తో మాట్లాడాను, మీ గ్రీవెన్స్ ఆఫీసర్‌కు కాగితాలన్నీ జతచేసి రాశాను. ప్రతిసారీ అదే జవాబు, "మీ అభ్యర్థనను పరిశీలించాం, మా నిర్ణయంలో మార్పు లేదు" అని. ఎవరు పరిశీలించారో, ఏ కాగితం చూశారో ఒక్క ముక్క లేదు. అందుకే ఈసారి నలుగురూ చదివేలా రాస్తున్నాను.

ముందు జరిగింది జరిగినట్టు చెప్తాను, తప్పుంటే మీరే చూపించండి.

2019 జూన్‌లో 5 లక్షల ఫ్యామిలీ పాలసీ తీసుకున్నాం. 2021లో స్కూల్లో పెట్టిన హెల్త్ క్యాంపులో మా ఆవిడకు బీపీ ఉందని తేలింది, గోలీ మొదలైంది. మొదటి మందుల చీటీ ఆ ఏడాది ఆగస్టుది, దాని కాపీ మీ దగ్గరుంది. 2022లో పాలసీని 10 లక్షలకు పెంచమని అడిగినప్పుడు బీపీ సంగతి ఫారంలో మేమే రాసిచ్చాం. మీరు మీ ఖర్చుతోనే డయాగ్నస్టిక్ సెంటర్‌కు పంపి, రక్తపరీక్షలు, ఈసీజీ చేయించి, ప్రీమియం పెంచి, పాలసీ ఇచ్చారు. ఆ తర్వాత ఒక్క ఏడాది కూడా రెన్యువల్ ఆగలేదు.

2025 మొదట్లో ఆమెకు రొమ్ము క్యాన్సర్ అని తెలిసింది. ఆపరేషన్ అయింది, మీరు క్యాష్‌లెస్ ఇచ్చారు, ఆ మేలు మర్చిపోలేదు. కీమో మొదలైంది, దానికీ ఇచ్చారు. జూన్‌లో రెన్యువల్ వచ్చింది. అప్పటికే ఆమెకు క్యాన్సర్ అని మీకు తెలుసు, బిల్లులు కట్టింది మీరే. అయినా ప్రీమియం తీసుకున్నారు, దాని మీద 18 శాతం జీఎస్టీతో సహా. (ఆ జీఎస్టీని సెప్టెంబర్ 22 నుంచి తీసేశారు, మంచిదే, కానీ అవసరమైన రోజున పనికిరాని పాలసీకి పన్ను ఉంటే ఎంత, లేకపోతే ఎంత.)

కీమో నడుస్తుండగా ఒక రాత్రి జ్వరం 102 దాటింది. కీమో రోజుల్లో జ్వరం వస్తే తెల్లకణాలు పడిపోయి ఉండొచ్చు, తెల్లారేదాకా ఆగకుండా వచ్చేయండని డాక్టర్ ముందే చెప్పి ఉన్నారు, అందుకని క్యాజువాలిటీకి తీసుకెళ్లాం. నేను కౌంటర్ దగ్గర అడ్వాన్స్ కడుతున్నాను. మంచం మీద ఆమె చలితో వణుకుతోంది. డ్యూటీ డాక్టర్ బీపీ, షుగర్ ఉన్నాయా అని అడిగితే పక్కనున్న మా అత్తమ్మ "బీపీ ఉంది సార్, గోలీ ఏసుకుంటది" అంది. ఎన్నేళ్ల నుంచి అంటే "ఆరేడేండ్లు కావొచ్చు" అంది. అత్తమ్మ ఉండేది నర్సంపేట దగ్గర ఊళ్లో, కూతురు గోలీలు ఏ సంవత్సరం మొదలుపెట్టిందో ఆమెకు ఎట్లా తెలుస్తుంది? డాక్టర్ కేస్ షీట్‌లో "బీపీ, ఏడేళ్లుగా" అని రాసుకుని సెలైన్ పెట్టడానికి వెళ్లిపోయారు. ఆయన తప్పేం లేదు, ఆ టైములో ఆయనకు కావలసింది బీపీ ఉందా లేదా అన్నదే.

ఆ రెండు మాటల మీదనే మీ కేసంతా నిలబడింది. ఏడేళ్లంటే 2018 అట, అంటే పాలసీకి ముందే బీపీ ఉందట, 2019 ఫారంలో రాయలేదట, కాబట్టి నిజం దాచిపెట్టారట.

మీ ఇన్వెస్టిగేటర్ ఇంటికి వచ్చాడు. మర్యాదగానే మాట్లాడాడు, చాయ్ తాగాడు. పోయే ముందు తెల్ల కాగితం తీసి కింద సంతకం పెట్టండి, పైన తర్వాత రాసుకుంటా అన్నాడు. రోజంతా అఫిడవిట్లు టైపు చేసేవాడి దగ్గరకొచ్చి తెల్ల కాగితం మీద సంతకం అడగడం ఏం తెలివో! పెట్టలేదు. తర్వాత మా వీధి చివరి మెడికల్ షాపుకు వెళ్లి 2018లో ఈమె పేరు మీద బీపీ గోలీల బిల్లు ఉందా అని వాకబు చేశాడు. లేదు. ఉంటే మీ లేఖలో దాని నంబరు మొదటి లైన్లోనే ఉండేది. ఆ తర్వాత నవంబర్‌లో 15 రోజుల నోటీసు మెయిల్లో వచ్చింది. ప్రీమియం వాపసు లేదని కూడా అందులోనే రాశారు.

ఇప్పుడు మీ కారణం సంగతి చూద్దాం.

2024 ఏప్రిల్ 1 నుంచి మారటోరియం, అంటే కంపెనీ పాలసీని తిరగదోడగలిగే గడువు, 60 నెలలు. అంతకుముందు అది 8 ఏళ్లు ఉండేది. ఆగకుండా 60 నెలలు ప్రీమియం కట్టిన పాలసీని వివరాలు దాచారనో తప్పు చెప్పారనో తిరగదోడే హక్కు కంపెనీకి ఉండదు, మోసం రుజువైతే తప్ప. మా పాలసీకి 2024 జూన్‌తోనే 60 నెలలు నిండాయి. 2022లో మొత్తం పెంచారు కాబట్టి లెక్క అక్కడి నుంచి మొదలవుతుందని మీ ఆఫీసర్ ఫోన్లో అన్నారు. సార్, కొత్త లెక్క పెంచిన మొత్తానికే, మొదటి 5 లక్షలకు 2019 నుంచే లెక్క. అంటే మీ వాదన పూర్తిగా ఒప్పుకున్నా మొదటి 5 లక్షల జోలికి మీరు రాకూడదు. ఇక పెంచిన 5 లక్షలంటారా, బీపీ ఉందని మేం రాసిచ్చాకే, మీరు పరీక్షలు చేయించాకే ఇచ్చారు. ఇక దాచింది ఎక్కడ?

ఒకవేళ అత్తమ్మ మాటే నిజమనుకుందాం. 2019 ఫారంలో బీపీ అని రాసి ఉంటే ఏమయ్యేది? పాత రోగాలకు క్లెయిమ్ ఇవ్వకుండా ఆపే వెయిటింగ్ గడువు అప్పట్లో ఎక్కువలో ఎక్కువ నాలుగేళ్లు. 2023 జూన్‌తో అదీ అయిపోయేది. క్యాన్సర్ బయటపడింది 2025లో. పైగా బీపీకీ రొమ్ము క్యాన్సర్‌కూ సంబంధం ఏమిటో మీ మెడికల్ టీమ్‌లో ఏ డాక్టరైనా సంతకం పెట్టి రాసివ్వగలరా? సుల్భా ప్రకాష్ మోటేగావ్‌కర్ కేసులో (2015) పాలసీదారు చెప్పని జబ్బు నడుమునొప్పికి సంబంధించింది, చనిపోయింది గుండె జబ్బుతో, ఆ సాకుతో డబ్బు ఎగ్గొట్టడం కుదరదని సుప్రీంకోర్టు అంది. అది జీవిత బీమా కేసు, నాకూ తెలుసు. మరి మన్‌మోహన్ నందా కేసు (2021 డిసెంబర్) ఆరోగ్య బీమాదే కదా, మనిషి ఆరోగ్య పరిస్థితి తెలిసి, బేరీజు వేసుకుని పాలసీ ఇచ్చాక ఆ పరిస్థితినే చూపించి క్లెయిమ్ కొట్టేయకూడదని అందులో ఉంది. కంపెనీల వైపు వచ్చిన తీర్పులూ ఉన్నాయి, మీ లాయర్లు అవి తెస్తారు, తేనివ్వండి. అది తేలేదాకా చికిత్స సంగతేంటి అన్నదే నా గొడవ.

మా ఆవిడది హెర్2 పాజిటివ్ రకం, అంటే హెర్2 అనే ప్రోటీన్ ఎక్కువగా ఉండే క్యాన్సర్. రొమ్ము క్యాన్సర్లలో 15 నుంచి 20 శాతం ఈ రకమే. దీనికి ట్రాస్టుజుమాబ్ అనే ఇంజెక్షన్ 21 రోజులకు ఒకటి చొప్పున దాదాపు ఏడాది పాటు ఇవ్వాలి. మధ్యమధ్యలో గుండెకు 2డి ఎకో తీస్తూ ఉండాలి, ఎందుకంటే ఈ మందు కొందరికి గుండె మీద ప్రభావం చూపిస్తుంది. ఇదేమీ సోకు మందు కాదు, కేంద్రం అత్యవసర మందుల జాబితాలో ఉన్నదే. ఒక డోసు వారం కంటే ఎక్కువ ఆలస్యమైతే మామూలు డోసుతో కొనసాగించరు, మళ్లీ మొదటిసారి ఇచ్చే పెద్ద డోసుతో మొదలుపెట్టాలి, కిలో బరువుకు 6 మిల్లీగ్రాముల చోట 8. అంటే ఆలస్యం చేస్తే రోగానికి అవకాశం ఇచ్చినట్టూ అవుతుంది, ఖర్చు పెరిగినట్టూ అవుతుంది. మాకిప్పుడు ఒక్కో డోసుకు మందు, డేకేర్ కలిపి ముప్పై వేల పైచిలుకు చేతి నుంచి పడుతోంది.

ఇక ఫిర్యాదు దారి లెక్క చూడండి. ముందు కంపెనీకే రాయాలి, జవాబుకు నెల గడువు. ఆ తర్వాతే హైదరాబాద్‌లో అంబుడ్స్‌మన్. ఫీజు లేదు, లాయర్ అక్కర్లేదు, 50 లక్షల వరకూ ఇప్పించే అధికారం ఉంది, మంచి ఏర్పాటే. మా కాగితాలన్నీ చేరాక తీర్పుకు మూడు నెలలు. తీర్పు అమలుకు మీకు ఇంకో 30 రోజులు. ఎవరూ ఒక్క రోజు వృథా చేయకుండా అంతా రూలు ప్రకారమే నడిచినా ఐదు నెలలు, అంటే ఏడు డోసులు. వినియోగదారుల కమిషన్‌కు వెళ్లొచ్చు, అక్కడ మధ్యంతర ఉత్తర్వు అడిగే వీలుంది, కానీ అక్కడ కేసు ఉంటే అంబుడ్స్‌మన్ తీసుకోరు, ఏదో ఒకటే ఎంచుకోవాలి. కీమో వార్డు బయట బెంచీ మీద కూర్చుని ఏ దారి పట్టాలో తేల్చుకోమంటే ఎవరికి టెన్షన్ రాదు?

మీ ఈ పద్ధతి వల్ల మామూలు జనానికి ఏమవుతోందో కూడా వినండి. నా కౌంటర్ ముందు నిలబడి అర్జీలు టైపు చేయించుకునే వాళ్ల దగ్గర వింటున్నదే ఇది.

1. జనం డాక్టర్లకు నిజం చెప్పడం మానేస్తున్నారు. మా సంగతి తెలిసిన బంధువులు ఇప్పుడు ఇచ్చే మొదటి సలహా "హాస్పిటల్లో బీపీ, షుగర్ అని చెప్పకండి, క్లెయిమ్ రాదు" అని. మత్తు ఇచ్చే డాక్టర్‌కు షుగర్ ఉన్న సంగతి తెలియకపోతే ఆపరేషన్ టేబుల్ మీద ఏం జరుగుతుందో మీ దగ్గరున్న డాక్టర్లకు నేను చెప్పాలా? ప్రాణం కాపాడడానికి రాసుకునే కేస్ షీట్‌ను మీరు వాంగ్మూలంలా వాడుతున్నారు, రోగి ఒక్క సంతకం కూడా లేని వాంగ్మూలం. నాకు మిగతా అన్నిటికంటే భయం వేసేది ఇదే.

2. మాలాంటి వాళ్లకు కింద వల లేదు. మాకు రేషన్ కార్డు లేదు, కాబట్టి ఆరోగ్యశ్రీ లేదు. 2023 డిసెంబర్‌లో దాన్ని 10 లక్షలకు పెంచారు, ఉన్నవాళ్లకు గొప్ప అండ. మాకు అండ మీ పాలసీ అనే కదా అన్నేళ్లు కట్టాం.

3. ఇంకో కంపెనీకి మారడమంటే, పోర్టబిలిటీకి రెన్యువల్‌కు కనీసం 45 రోజుల ముందు అడగాలి, నడుస్తున్న పాలసీ చేతిలో ఉండాలి. రద్దయిన పాలసీతో, క్యాన్సర్ చికిత్స మధ్యలో ఉన్న మనిషికి ఎవరిస్తారు? పైగా ఇదివరకు మీ పాలసీ ఏదైనా రద్దయిందా అని ప్రతి ఫారంలో అడుగుతారు. మీరు రద్దు చేసింది ఒక్క ఏడాది పాలసీని కాదు, ఆమెకు ఇక ముందు దొరికే పాలసీలన్నిటినీ. అదే పాలసీలో మా అబ్బాయి, నేను కూడా ఉన్నాం, మా కేస్ షీట్లు ఏం పాపం చేశాయో మీ లేఖలో లేదు.

4. ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్ నుంచి క్యాన్సర్ చికిత్సకు హనుమకొండకో హైదరాబాద్‌కో వచ్చేవాళ్లు చాలామంది ఉంటారు. వాళ్లలో పాలసీ ఉన్నవాళ్లే తక్కువ, ఉన్నవాళ్లలో ఇంగ్లిష్‌లో వచ్చిన రద్దు లేఖ చదివి అర్థం చేసుకోగలిగేవాళ్లు ఇంకా తక్కువ. మా షాపుకు ఒక పత్తి రైతు అలాంటి లేఖ పట్టుకొచ్చి, ఇందులో డబ్బులు ఎప్పుడు వస్తాయని రాశారు బిడ్డా అని అడిగాడు. క్లెయిమ్ కొట్టేసినట్టు ఆయనకు చెప్పింది నేను. ఆ మాట ఆయన భాషలో మీరు చెప్పాల్సింది.

5. బంగారం కుదువపెట్టడం, మిత్తికి తేవడం, ప్లాటు అమ్మడం. వీటి గురించి ఎక్కువ రాయను, అందరికీ తెలిసినవే.

మా డిమాండ్లు ఇవి.

1. అంబుడ్స్‌మన్ తీర్పు వచ్చేదాకా రద్దును ఆపండి, మిగిలిన ఇంజెక్షన్లకు, ఎకోలకు క్యాష్‌లెస్ కొనసాగించండి. మేం ఓడిపోతే ఈ మధ్యలో మీరు కట్టింది వాయిదాల్లో తిరిగి ఇస్తామని స్టాంపు పేపర్ మీద రాసిస్తాం. మీకు పోయేదేమీ లేదు.

2. అది ఇప్పుడే కుదరదంటే, 60 నెలలు నిండిన మొదటి 5 లక్షలనైనా ఈ వారమే పునరుద్ధరించండి. దీని మీద వాదనకే తావు లేదు.

3. 2019 ప్రపోజల్ ఫారం (పాలసీ కోసం మేం నింపిచ్చిన దరఖాస్తు), 2022లో మీరు చేయించిన పరీక్షల రిపోర్టులు, ఇన్వెస్టిగేటర్ నివేదిక కాపీలు ఇవ్వండి. బీమా కంపెనీలను నియంత్రించే ఐఆర్‌డీఏఐ 2024 మే నాటి మాస్టర్ సర్క్యులర్ ప్రకారం క్లెయిమ్స్ రివ్యూ కమిటీ ఆమోదం లేకుండా క్లెయిమ్ తిరస్కరించకూడదు, ఏ షరతు కింద తిరస్కరించారో స్పష్టంగా రాయాలి. ఆఖరి డేకేర్ బిల్లు మీరు కొట్టేశారు కదా, ఆ కమిటీ ఏ తేదీన కూర్చుంది, ఏం రాసింది? అది చూపించండి.

4. నా పేరు, మా అబ్బాయి పేరు ఉన్న భాగాన్ని ఎందుకు రద్దు చేశారో చెప్పండి, లేదా వెనక్కి తీసుకోండి.

హైదరాబాద్ నానక్‌రామ్‌గూడలో ఉన్న ఐఆర్‌డీఏఐ పెద్దలకు కూడా ఈ లేఖ కాపీ పంపుతున్నాను. అయ్యా, వెయిటింగ్ తగ్గించారు, మారటోరియం తగ్గించారు, గంటలో క్యాష్‌లెస్ అనుమతి, మూడు గంటల్లో డిశ్చార్జ్ అనుమతి ఇవ్వాలన్నారు, వయసు అడ్డు తీసేశారు. ఇవన్నీ మేలు చేసినవే. ఇంకో రెండు కావాలి. కీమో, డయాలిసిస్ లాంటి వరుస చికిత్స నడుస్తుండగా పాలసీ రద్దు చేస్తే, ఫిర్యాదు తేలేదాకా ఆ రద్దు అమల్లోకి రాకూడదని ఒక రూలు తెండి. కేస్ షీట్‌లో "ఇన్నేళ్లుగా" అని రాసిన ఒక్క లైను మీద, దానికి ముందు నాటి మందుల చీటీయో పరీక్ష రిపోర్టో లేకుండా, నిజం దాచారన్న ముద్ర వేయకూడదని ఇంకో రూలు తెండి. కంపెనీలకు అనుమానాలుంటే పాలసీ ఇచ్చేటప్పుడు పరీక్షలు చేయించుకోమనండి, ఎవరు వద్దన్నారు?

డ్యూటీ డాక్టర్లకు ఒక మనవి. ఎన్నేళ్లుగా అనే గడి నింపేటప్పుడు రోగికి తెలిసిన తేదీ లేకపోతే "సరిగా తెలియదు" అని రాయండి. చదివేవాళ్లకు ఒక మాట. మీ ప్రపోజల్ ఫారం కాపీ మీ దగ్గరుందో లేదో ఈ రోజే చూసుకోండి, లేకపోతే కంపెనీకి మెయిల్ పెట్టి తెప్పించుకోండి. డిశ్చార్జ్ అయ్యే ముందు సమ్మరీలో ఆ లైను చదవండి, తప్పుంటే అక్కడే దిద్దించి డాక్టర్ సంతకం, ముద్ర వేయించుకోండి. మాకు తర్వాత డాక్టర్ గారు సవరణ లేఖ ఇచ్చారు, ఈ కంపెనీ దాన్ని "క్లెయిమ్ కొట్టేశాక పుట్టిన కాగితం" అని పక్కన పెట్టేసింది. మరి 2021 నాటి మందుల చీటీ ఎప్పుడు పుట్టిన కాగితమో ఆ జవాబులో రాయలేదు.

తర్వాతి ఇంజెక్షన్ వచ్చే మంగళవారం. దానికి డబ్బు సర్దాను, మందు ఆగదు, ఆ తర్వాత దానికి ఇంకా తెలియదు. జవాబు రాతపూర్వకంగా, సంతకం పెట్టిన అధికారి పేరు, హోదాతో పంపండి. ఫోన్ చేసి "మాట్లాడుకుందాం" అనొద్దు, ఆ ఫోన్లు చాలా అయ్యాయి.

ఇట్లు,
ఒక పాలసీదారు, హనుమకొండ